149 గోల్స్ అర్జీ

మడగాస్కర్ ఫుట్‌బాల్ లీగ్ గురించి రాయమంటే కలం ఆ ఒక్క స్కోరు దగ్గరే ఆగిపోతుంది. 2002 అక్టోబరు 31, తీరపట్టణం టోమాసినా: ఏఎస్ అడెమా 149, స్టేడ్ ఒలింపిక్ ద లెమీర్న్ (ఎస్‌ఓఈ) 0. లోకం దాన్ని వింతవార్తగా చదివి నవ్వుకుంది. నాకది గోడు వినే దిక్కులేనివాళ్లు పెట్టుకున్న అర్జీలా కనిపిస్తుంది. వాళ్లు దాన్ని ఎలా పెట్టారో చూస్తే ఎవరికైనా నవ్వు ఆగుతుంది.

ఆ 149లో అడెమా కొట్టింది ఒక్కటీ లేదు. అన్నీ ఎస్‌ఓఈ ఆటగాళ్లు తమ వలలో తామే వేసుకున్నవి. తొంభై నిమిషాలకు లెక్కేస్తే సగటున 36 సెకన్లకొకటి. గోల్ పడ్డాక ఆట మళ్లీ మొదలుపెట్టేది గోల్ ఇచ్చుకున్న జట్టే కనుక ప్రతిసారీ బంతి వాళ్ల కాళ్ల దగ్గరికే వచ్చేది. పైగా అప్పటి నిబంధన ప్రకారం కిక్‌ఆఫ్‌లో బంతి ముందుకే కదలాలి; ఆ షరతు పోయింది 2016లో. అంటే బంతిని కాస్త ముందుకు నెట్టాలి, వెనక్కి తిప్పాలి, సగం మైదానం దాటించి సొంత వలలో వేయాలి, తీసుకెళ్లి మళ్లీ సెంటర్ స్పాట్ మీద పెట్టాలి. అడెమా వాళ్లు నిలబడి చూశారు. ఉత్త కోపమైతే పది నిమిషాల్లో చల్లారేది. ఆట ముగిసేదాకా సాగిందంటే దాని వెనక కట్టుబాటు ఉంది.

ఎస్‌ఓఈ అనామక జట్టు కాదు, 2001 చాంపియన్. 2002 టైటిల్ కోసం చివరి దశలో నాలుగు జట్లు తలపడ్డాయి. డీఎస్ఏ అంటనానరివోతో మ్యాచ్‌లో చివర్లో రిఫరీ ఇచ్చిన పెనాల్టీతో స్కోరు 2–2 అయింది, ఎస్‌ఓఈ ఆశ అక్కడే ఆవిరైంది. అడెమాకు టైటిల్ ఖాయమయ్యాకే, ఆ పెనాల్టీకి నిరసనగా, ఈ 149 మ్యాచ్ జరిగింది.

టికెట్ కొన్నవాళ్లు ఏం పాపం చేశారని అడగొచ్చు. వాళ్లు కౌంటర్ దగ్గరికెళ్లి డబ్బు వాపసు అడిగారు, అది న్యాయమే. అసలు ఆ పెనాల్టీ సరైనదే అయితే? కావచ్చు. నా వాదన దాని మీద ఆధారపడలేదు. మైదానంలో రిఫరీ తేల్చిందే తుదిమాట అని ఆట నిబంధనలే చెబుతాయి. దాంతో టైటిల్ పోతే ఇక ఏ గుమ్మం ఎక్కాలి? మైదానం వదిలి పోవచ్చుగా అంటారేమో. పోతే ఎదుటి జట్టు గెలిచినట్టు రాసుకుని ఫైలు మూసేసేవారు, ఎస్‌ఓఈ పేరు ఆ ద్వీపం దాటేది కాదు. మడగాస్కర్ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఎస్‌ఓఈ కోచ్ రాట్సిమాండ్రెసీ రాట్సరాజాకాను మూడేళ్లు, నలుగురు ఆటగాళ్లను సీజన్ ముగిసేదాకా నిషేధించింది. చూడవచ్చినవాళ్లకు ఆట దక్కలేదు కనుక శిక్ష తప్పదనే ఒప్పుకుంటాను. కానీ ఆటగాళ్లు ఇంతకు తెగించారంటే ఏ లీగైనా విచారణ మొదలుపెట్టాల్సింది అంతకు ముందరి మ్యాచ్ నుంచి.

మరికొన్ని సంగతులు

అంతకుముందు రికార్డు 1885 స్కాటిష్ కప్‌లో ఆర్‌బ్రోత్‌ది: బాన్ అకార్డ్‌పై 36–0. ఆ గోల్స్ మాత్రం ఆడి కొట్టినవి. అదే రోజు డండీ హార్ప్ మరో మ్యాచ్‌లో 35–0తో గెలిచింది.

మడగాస్కర్ జాతీయ జట్టు 2019లో తొలిసారి ఆఫ్రికా కప్ ఆడింది. నైజీరియాను 2–0తో ఓడించి, క్వార్టర్ ఫైనల్లో ట్యునీసియా చేతిలో 3–0తో ఓడింది.