మీకు తెలుసా? ఒంటికి నురగ కన్నా పీహెచ్ ముఖ్యం!

హైదరాబాద్ ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో ప్యాకప్ చెప్పగానే తారలు మేకప్ తుడిచేస్తారు. మరి చెమటతో, జిడ్డుతో ఇల్లు చేరే మన టీనేజ్ పిల్లల సంగతి?

* ఆరోగ్యమైన చర్మం కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది. దాని పీహెచ్ సుమారు 5. మామూలు సబ్బుది 9 నుంచి 10. చర్మం మీది ఈ ఆమ్లగుణపు రక్షణ పొరకు 1928లోనే జర్మన్ పరిశోధకులు 'ఆమ్ల కవచం' అని పేరు పెట్టారు.

* టీనేజ్‌లో హార్మోన్ల వల్ల నూనె గ్రంథులు చురుకవుతాయి. జిడ్డు వదలాలని గట్టిగా రుద్దితే చర్మం పొడిబారి, మంట పుడుతుంది. మొటిమలు మాత్రం తగ్గవు.

* ఫిల్మ్‌నగర్ ఉన్న జూబ్లీహిల్స్‌ది గ్రానైట్ రాళ్ల నేల. ఇలాంటి చోట బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే సబ్బుకు సరిగా నురగ రాదు, ఒంటి మీద తెల్లని తెట్టు మిగులుతుంది. సబ్బు లేని బాడీవాష్‌తో ఆ ఇబ్బంది తక్కువ.

బాడీవాష్ కొనేముందు లేబుల్ చదవండి. పీహెచ్ 5.5 దగ్గర ఉన్నది, సువాసన కలపనిది, గ్లిజరిన్ ఉన్నది ఎంచుకోండి. వీపు మీద మొటిమలుంటే సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది పనికొస్తుంది. నొప్పి, చీము ఉంటే చర్మ వైద్యులకు చూపించండి.