ఇండెక్సు ఫండ్లలో డివిడెండు తిరుగు పెట్టుబడి: చేతికి రాని సొమ్ముపై పన్ను

మిర్చి, పసుపు సీజను ముగిసి బాకీలు వసూలైన తరువాత వర్తకుల చేతిలో కొంత రొక్కం నిలవడం మామూలే. ఆ సొమ్మును నిఫ్టీ లేదా సెన్సెక్సు ఇండెక్సు ఫండులో ఉంచదలచినవారు దరఖాస్తులో జాగ్రత్తగా చూడవలసిన గడి ఒకటి ఉన్నది. డివిడెండును ఏమి చేయాలన్నదే ఆ గడి. ఏజెంటు పూర్తిచేసిన కాగితంపై సంతకం పెట్టి ఊరుకుంటే, రెండు మూడేళ్ళ తరువాత ఆడిటరు పద్దు వేసేటప్పుడుగాని దాని ఫలితం బయటపడదు.

ఈ గడిలో సాధారణంగా మూడు దారులుంటాయి. మొదటిది గ్రోత్. ఇందులో సూచీలోని కంపెనీలు ఇచ్చే డివిడెండ్లు ఫండు ఖాతాలోకే వచ్చి, ఆ సొమ్ముతో ఫండే మళ్ళీ షేర్లు కొంటుంది. యూనిట్ల సంఖ్య మారదు, ధర పెరుగుతుంది. రెండవది డివిడెండు రొక్కంగా బ్యాంకు ఖాతాకు వచ్చే పద్ధతి. మూడవది తిరుగు పెట్టుబడి. ఇందులో ప్రకటించిన డివిడెండుతో అదే స్కీములో, డివిడెండు తీసివేసిన తరువాతి ధరకు కొత్త యూనిట్లు జమచేస్తారు. వేరొక స్కీములోకి మళ్ళించే పద్ధతి కూడా కొన్ని ఫండ్లలో ఉన్నది. ఇండెక్సు ఫండ్లలో కొన్ని గ్రోత్ ఒక్కటే ఇస్తున్నాయి.

రెండవ, మూడవ పద్ధతులకు డివిడెండు అనే పేరు ఇప్పుడు లేదు. సెబీ 2020 అక్టోబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం 2021 ఏప్రిల్ 1 నుంచి వాటిని ఐ.డి.సి.డబ్ల్యు. అంటున్నారు. ఆదాయ పంపిణీతో పాటు మూలధన ఉపసంహరణ అని దాని అర్థం. పేరు నోరు తిరగనిదైనా నిజం చెబుతున్నది. యూనిట్ ధర రూ. 40 ఉండగా రూ. 2 పంచితే మరునాడు ధర, మార్కెట్ కదలిక సంగతి అలా ఉంచితే, రూ. 38కి దిగుతుంది. కంపెనీ షేరుపై వచ్చే డివిడెండు వ్యాపార లాభంలో వాటా. ఇక్కడ పంచేది మాత్రం మదుపుదారుకు చెందిన ఆస్తిలోనుంచే తీసి ఇచ్చేది. రికార్డు తేదీకి ముందు రోజు యూనిట్లు కొని డివిడెండు కొట్టేశామనుకునేవారు ఎడమచేతి సొమ్మును కుడిచేతికి మార్చుకుని, పైగా దానికి పన్ను కట్టినవారవుతారు.

అసలు చిక్కు పన్నుదే. 2020 మార్చి 31 వరకు డివిడెండుపై పన్ను ఫండే కట్టి మిగిలినది పంచేది. ఈక్విటీ ఫండ్లకు 2018 ఏప్రిల్ నుంచి అది 10 శాతం, సర్‌చార్జి, సెస్సు అదనం. మదుపుదారు చేతిలో వేరే పన్ను లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు డివిడెండు మదుపుదారు ఆదాయంలో కలిసి, అతని శ్లాబు ప్రకారం పన్నుకు లోబడుతుంది. రొక్కంగా తీసుకున్నా, తిరిగి పెట్టుబడి పెట్టినా చట్టం దృష్టిలో తేడా లేదు.

ఒక లెక్క చూద్దాం. ఒక భాగస్వామ్య సంస్థ పేరున రూ. 40 ధర వద్ద 10,000 యూనిట్లు, అంటే రూ. 4 లక్షల విలువ ఉన్నదనుకోండి. ఆగస్టులో యూనిట్‌కు రూ. 2 ప్రకటించారు. మొత్తం రూ. 20,000. ఒక ఫండు నుంచి ఏడాదిలో వచ్చే డివిడెండు రూ. 10,000 దాటితే 10 శాతం మూలంలోనే కోత పడుతుంది (2025 మార్చి వరకు ఈ పరిమితి రూ. 5,000). అందువల్ల రూ. 2,000 పోయి రూ. 18,000 మిగులుతుంది. 2020 జూలై నుంచి యూనిట్ల జారీపై 0.005 శాతం స్టాంపు డ్యూటీ ఉన్నది. అది 90 పైసలు. లెక్కకు రాదుగాని స్టేట్‌మెంటులో కనిపిస్తుంది. మిగిలిన సొమ్ముకు రూ. 38 చొప్పున 473.66 యూనిట్లు జమపడతాయి.

ఇంతవరకు బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. కాని భాగస్వామ్య సంస్థకు పన్ను 30 శాతం, సెస్సుతో 31.2 శాతం. రూ. 20,000పై అది రూ. 6,240. కోసుకున్న రూ. 2,000 పోగా రూ. 4,240 వ్యాపారపు రొక్కంలోనుంచి కట్టవలసిందే. డివిడెండు మాత్రం ఒక్క రూపాయి కూడా గల్లాపెట్టెకు చేరలేదు! రొక్కంగా తీసుకున్నవాని చేతిలో కనీసం పన్ను కట్టడానికి రూ. 18,000 ఉన్నది. గ్రోత్‌లో ఉన్నవానికి యూనిట్లు అమ్మేవరకు పన్ను మాటే లేదు. పెద్ద మొత్తాలు ఉంచినవారికి ఈ తేడా అడ్వాన్సు టాక్సు వాయిదాలనాడు బాగా తెలిసివస్తుంది.

సొమ్ము వెనుకకు తీసుకునేటప్పుడు మరో మెలిక ఉన్నది. తిరుగు పెట్టుబడిలో వచ్చిన ప్రతి విడత యూనిట్లకు కొన్న తేదీ, కొన్న ధర వేరు. మరుసటి మార్చిలో సరకు కొనుగోళ్ళకు మొత్తం అమ్మివేస్తే పాత యూనిట్లకు ఏడాది నిండి ఉండవచ్చును. ఆగస్టులో జమపడిన 473.66 యూనిట్లకు నిండలేదు. వాటిపై లాభముంటే 20 శాతం పన్ను. ఏడాది దాటినవాటిపై 12.5 శాతం, అదీ ఏడాదికి రూ. 1.25 లక్షల లాభం దాటినప్పుడే. ఈ రేట్లు 2024 జూలై 23 నుంచి అమలులో ఉన్నాయి. కొంత భాగమే అమ్మితే ముందు కొన్నవి ముందుగా పోయినట్లు లెక్క.

పద్దులో తరచు దొర్లగల తప్పు ఒకటున్నది. మొదట పెట్టిన సొమ్మునే కొనుగోలు ధరగా చూపి, తిరుగు పెట్టుబడి యూనిట్ల ఖరీదును వదిలివేయడం. అట్లా చేస్తే ఒకసారి డివిడెండుగా పన్ను కట్టిన సొమ్ముపైనే లాభంగా మరోసారి పన్ను కట్టినట్లవుతుంది. పై లెక్కలో కొనుగోలు ధరకు రూ. 17,999 కలపాలి. ప్రతి విడత స్టేట్‌మెంటును కొనుగోలు బిల్లులతో పాటు దాచుకోవడం అవసరం.

గడిలో రాసినది మార్చుకోవచ్చును. రొక్కం నుంచి తిరుగు పెట్టుబడికి, లేదా దానినుంచి రొక్కానికి మారడం అమ్మకం కాదు, పన్ను లేదు. ఫండు ఆఫీసులోగాని, రిజిస్ట్రారు వద్దగాని అర్జీ ఇస్తే చాలు. రిజిస్ట్రార్లలో కేఫిన్‌టెక్ హైదరాబాదులోను, క్యామ్స్ చెన్నైలోను ఉన్నాయి. రికార్డు తేదీకి తగినంత ముందుగా ఇవ్వాలి. గడి ఖాళీగా వదిలితే స్కీము పత్రంలో ఏది రాసి ఉంటే అదే వర్తిస్తుంది. రొక్కమని రాసినా, మొత్తం మరీ స్వల్పమైతే తిరుగు పెట్టుబడి చేసే నియమం కొన్ని స్కీములలో ఉన్నది.

గ్రోత్‌లోకి మారడం మాత్రం వేరు. అది పాత యూనిట్లు అమ్మి కొత్తవి కొన్నట్లే. లాభంపై పన్ను పడుతుంది, ఏడాది లెక్క మళ్ళీ మొదటినుంచి. ఏటా రూ. 1.25 లక్షల లాభం మించకుండా, ఏడాది నిండిన యూనిట్లను విడతలుగా మార్చుకోవడం మేలు.

ఇంతకూ ఇండెక్సు ఫండు డివిడెండు ప్రకటించి తీరాలన్న నియమం లేదు. నిఫ్టీ కంపెనీల డివిడెండు రాబడి ఇటీవలి సంవత్సరాలలో ఏటా ఒకటి, ఒకటిన్నర శాతం దరిదాపులనే ఉన్నది. క్రమంగా రొక్కం కావలసినవారు దానిపై ఆశపెట్టుకోవడంకన్న, గ్రోత్‌లో ఉంచి అవసరమైనప్పుడు కొన్ని యూనిట్లు అమ్ముకోవడం లాభసాటి. అమ్మకంలో పన్ను లాభంపైనేగాని వచ్చిన మొత్తంపై కాదు.

అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల ద్వారా అక్కడి ఫండ్ల సంగతి విన్నవారు రెంటినీ కలపరాదు. అక్కడ గ్రోత్ పద్ధతే లేదు. ఫండ్లు తమ ఆదాయాన్ని దాదాపు అంతా పంచుతాయి. సొమ్ము అవసరం లేనివారికి తిరుగు పెట్టుబడి గడి అక్కడ సహజమైన దారి. అయితే నష్టానికి యూనిట్లు అమ్మిన 30 రోజుల లోపల, ముందుగాని తరువాతగాని, ఇట్లా కొత్త యూనిట్లు జమపడితే ఆ మేరకు నష్టాన్ని ఆ ఏడు లెక్కలోకి తీసుకోనివ్వరు. అందువల్ల నష్టానికి అమ్మదలచినవారు అక్కడ ముందుగా ఆ గడిని రొక్కానికి మార్చుకుంటారు.