రెండు చేతులకూ పొత్తు కుదరాలంటే

పూలమాలలు కట్టి జీవించే ఒక వృద్ధురాలు కొన్నేళ్ళ క్రితం నా వద్దకు వచ్చింది. పక్షవాతానికి ఆసుపత్రిలో చికిత్స పొంది అప్పటికి ఆరు నెలలు. ఎడమచేతికి బలం చాలావరకు తిరిగి వచ్చింది గాని మాల మాత్రం కుదరడం లేదు. "చేతులు రెండూ ఉన్నాయి గాని ఒకదాని మాట ఒకటి వినడం లేదు బాబూ! మళ్ళీ పూలు కట్టగలనా?" అని అడిగింది. ఆమెకు అది కూటి ప్రశ్న. దానికి సమాధానం వెదకుతూ నేను గ్రహించిన విషయాలను పాఠకులకు వివరిస్తాను.

చూపు, ఒంటి ఎరుక

కన్నులు మూసుకొని ముక్కుకొనను తాకగలుగుతున్నాము. చేయి ఎక్కడ ఉన్నదో కండరాలు, స్నాయువులు, కీళ్ళలోని సూక్ష్మ గ్రాహకాలు మెదడుకు ఎప్పటికప్పుడు తెలుపుతూ ఉండడమే దీనికి కారణం. ఈ ఎరుకకు 1906లో ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు షెరింగ్టన్ 'ప్రొప్రియోసెప్షన్' అని పేరు పెట్టాడు. ఆయుర్వేదం చూపును ఆలోచక పిత్తానికి, అవయవాల కదలికను వ్యాన వాయువుకు అప్పగించింది. ఈ రెండు శాస్త్రాల భాష ఒకటి కాదు. అయినా చేతిపనికి చూపూ కదలికా కలసి రావాలన్నది అనుభవంలో ఉన్నదే.

ఒక చిన్న పరీక్ష చేయండి. రెండు చూపుడువ్రేళ్ళను ముందుకు చాచి, రెండింటినీ ఒకేసారి కుడికి, ఒకేసారి ఎడమకు ఊపుతూ వేగం పెంచండి. కొంతసేపటికి మీ ప్రమేయం లేకుండానే అవి అద్దంలోని ప్రతిబింబాల వలె లోపలికీ వెలుపలికీ కదలసాగుతాయి. రెండు చేతులలోని ఒకే రకపు కండరాలు జతగా పనిచేయడమే దీనికి కారణమని భావించేవారు. 2001లో జర్మనీలో మెక్స్‌నర్ బృందం ఒక అరచేతిని పైకి, మరొకదానిని క్రిందికి త్రిప్పి చూసింది. అప్పుడు కండరాల జత మారిపోయినా, వ్రేళ్ళు అద్దపు పొందికనే వెదకుకొన్నాయి. అనగా చేతులను నడిపించేది కండరాల జత కాదు, మనస్సు గ్రహించే ఆకృతి అని ఆ బృందం భావించింది.

అదే బృందం బల్ల క్రింద చేతులతో పిడులు త్రిప్పించి, పైన రెండు జెండాలను మాత్రం చూపించింది. ఒక చేయి నాలుగు చుట్లు తిరిగేలోగా రెండవది మూడు చుట్లు తిరిగితేనే జెండాలు సమానంగా తిరుగుతాయి. మామూలుగా అసాధ్యమనిపించే ఆ పనిని జెండాలను చూస్తూ జనం చేయగలిగారు. చూపుకు అంతటి శక్తి ఉన్నది. అయితే చూపునే ఊతగా నేర్చిన విద్య, ఆ ఊత తీసివేస్తే తడబడుతుంది. కావున చూపుతో ఆరంభించి, క్రమంగా పనిని ఒంటి ఎరుకకు అప్పగించాలి.

అభ్యాస క్రమం

1. గోరువెచ్చని నువ్వుల నూనెతో రెండు చేతులకూ మృదువుగా మర్దన చేసుకొని, స్పర్శను గమనించండి.
2. మొదట రెండు చేతులూ ఒకే పని చేయాలి. బల్లను రెండు చేతులతో తుడవడం, చపాతీలు ఒత్తడం మంచివి.
3. తరువాత ఒక చేయి పట్టుకోవాలి, మరొకటి పనిచేయాలి. లావు దారంతో బంతిపూలను నెమ్మదిగా, చూస్తూ కట్టండి.
4. అది కుదిరాక నాలుగైదు ముడులు కన్నులు మూసుకొని వేయండి. కన్ను తెరచి తప్పు దిద్దుకోండి.

మధుమేహం వల్ల వ్రేళ్ళలో స్పర్శ తగ్గినవారు నూనె వేడిని ఇతరులచేత చూపించుకోవాలి. కత్తి, పొయ్యి దగ్గర చూపు మరల్చరాదు. వారికి కన్నే రక్ష.

ఆ వృద్ధురాలు వ్యాయామ చికిత్సకుని సలహాలతో పాటు ఈ క్రమాన్నీ పాటించింది. నాలుగు నెలలకు బంతిపూల మాల చేతికి వచ్చింది. మల్లెలను మాత్రం ఇప్పటికీ చూస్తూనే, నెమ్మదిగా కడుతుంది. అందరికీ ఇంత మేలు కలుగుతుందని నేను చెప్పను. సాధన మానినవారికి మాత్రం ఏమీ కలుగదు.

గమనిక: హఠాత్తుగా మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా గృహవైద్యంతో కాలయాపన చేయవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తపు గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.