మీకు తెలుసా? బళ్ళారి చుట్టూ ఒకే పేరు, వేరే ఊరు

తెలుగు, కన్నడం కలగలిసిన బళ్ళారి సీమలో ఊరి పేరొక్కటే చెబితే సరిపోదు. ఏ జిల్లాదో కూడా చెప్పాలి.

● రాయదుర్గం అంటే బళ్ళారి వాళ్ళకు పక్కనున్న అనంతపురం జిల్లా కోట ఊరు. హైదరాబాదీలకు నాగోలు నుంచి వచ్చే మెట్రో ఆఖరి స్టేషన్. కోట ఉన్న రాయదుర్గం 1953 దాకా బళ్ళారి జిల్లాలోదే. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది.

● 2021లో బళ్ళారిని విడదీసి, హోసపేట కేంద్రంగా విజయనగర జిల్లా ఏర్పాటు చేశారు. హంపి అందులోకే వెళ్ళింది. ఉత్తరాంధ్రలో విజయనగరం జిల్లా 1979 నుంచే ఉంది. రెండింటికీ తేడా చివరి సున్నా ఒక్కటే! ఉత్తరాంధ్ర కోట కట్టింది 1713లో. హంపి రాజధాని అంతకు 148 ఏళ్ళ ముందే, తళ్ళికోట యుద్ధం తర్వాత కూలిపోయింది.

● బళ్ళారి దాటి అనంతపురం జిల్లాలో అడుగుపెడితే బొమ్మనహళ్ మండలం. పడమటికి వెళ్తే హగరిబొమ్మనహళ్ళి. ముందు ‘హగరి’ చేర్చారు కాబట్టి చిక్కు తీరిందనుకుంటే పొరపాటే. వేదవతి నదికీ హగరి అనే పేరుంది. ఆ నది ఇసుక మేటలు వేసింది బొమ్మనహళ్, కణేకల్లు పొలాల్లోనే!

● సండూరు కొండల్లో స్వామిమలై అనే అడవి ఉంది, అక్కడ కుమారస్వామి గుడి ఉంది. తమిళనాట కుంభకోణం దగ్గర స్వామిమలై మురుగన్ ఆరు క్షేత్రాల్లో ఒకటి. రెండు చోట్లా దేవుడు ఒక్కడే.

● హంపికి ఎదురుగా, తుంగభద్ర అవతల ఆనెగొంది దగ్గర పంపా సరోవరం ఉంది. కేరళలో శబరిమల కింద పంపా నది. మన అన్నవరంలో రత్నగిరి పాదాల దగ్గర పారేదీ పంపానే.

● ఆనెగొంది పక్కన అంజనాద్రి ఉంది. తిరుమల ఏడు కొండల్లోనూ అంజనాద్రి ఉంది. హనుమంతుడు పుట్టింది తమ కొండ మీదేనని 2021 శ్రీరామనవమి నాడు తిరుమల తిరుపతి దేవస్థానం ప్రకటించింది. కన్నడ సీమ ఒప్పుకోలేదు. బొమ్మనహళ్ళికైతే ముందొక హగరి తగిలించి సర్దుకున్నారు గానీ, అంజనాద్రి విషయంలో మాత్రం ఎవరూ తగ్గరు.