సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని ఎందుకు రాస్తారు?

పోయిన ఎపిసోడ్ తర్వాత వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో ఎక్కువ మంది అడిగింది ఒకటే: "అన్నా, భుజం నొప్పికి బీపీసీ-157 ఇంజెక్షన్ బాగా పనిచేస్తదంట, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా?" నేను డాక్టర్‌ని కాదు. కానీ గల్ఫ్‌కి రాకముందు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో టెస్టింగ్ పని చేశాను. ఆ సీసా మీద రాసిన మాటలు చదవడం వచ్చు కాబట్టి చెబుతున్నా.

బీపీసీ-157 ఒక పెప్టైడ్. అంటే అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన చిన్న దండ. షుగర్ ఉన్నవాళ్లు తీసుకునే ఇన్సులిన్‌లో 51 పూసలుంటాయి, దీంట్లో 15. దీన్ని ల్యాబ్‌లో ఒక్కో పూసా కలుపుతూ తయారుచేస్తారు. అమెరికాలో మెరిఫీల్డ్ అనే ఆయన 1963లో ఈ పద్ధతి చూపించి, 1984లో నోబెల్ తీసుకున్నారు.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. 15 పూసలకి 14 సార్లు కలపాలి. ప్రతిసారీ 99% సరిగ్గా కలిసినా, చివరికి సరైన దండలు 87% దగ్గరే తేలతాయి. మిగతావి పూస జారిపోయినవి. వాటిని వడకట్టి తీసేశాక సీసా మీద ‘ప్యూరిటీ 99%’ అని వేస్తారు. చూడగానే మనకి నమ్మకం కుదిరేది ఆ అంకె దగ్గరే. కానీ అది చెప్పేది సరైన దండలు ఎన్ని, తప్పు దండలు ఎన్ని అన్నది మాత్రమే. సీసాలో సూక్ష్మక్రిములు ఉన్నాయా లేదా అన్నది అది చెప్పదు. చచ్చిన బ్యాక్టీరియా తొక్కలు మిగిలి ఉంటే, వాటిని ఎండోటాక్సిన్ అంటారు, అవి రక్తంలోకి వెళ్తే చలిజ్వరం వస్తుంది, ఎక్కువైతే బీపీ పడిపోతుంది. మనిషికి ఎక్కించే ఇంజెక్షన్‌కి ఈ రెండు పరీక్షలూ విడిగా చేయాల్సిందే. ల్యాబ్‌లో ప్లాస్టిక్ ప్లేటు గుంటల్లో పోసి, ఏ ఎంజైమ్‌కి అతుక్కుంటుందో చూడ్డానికి కొనే సరుక్కి అవి చేయాలన్న రూలు లేదు. ‘పరిశోధనకు మాత్రమే’ అన్న మాటకి అర్థం అదే. అమ్మేవాడు తన మీదకి రాకుండా రాసుకున్న మాట అది.

మరి పనిచేస్తుందా? దీని మీద ఎక్కువ పని క్రొయేషియాలోని జాగ్రెబ్‌లో, ఎలుకల మీద జరిగింది. మనుషుల మీద జరిగినవి చాలా కొద్ది, చాలా చిన్నవి. అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని మందుగా ఆమోదించలేదు. 2023లో, కలిపి ఇచ్చే ఫార్మసీలు వాడితే భద్రత సమస్యలు రావచ్చన్న జాబితాలో పెట్టింది. క్రీడాకారులకైతే వాడా 2022 నుంచే నిషేధించింది.

నాకు ఇంతకంటే భయం ఇంకోటి. ఒక తమ్ముడు "రూములో నలుగురం కలిసి ఒక సీసా కొన్నాం" అన్నాడు. సీసా ఒకటి, సిరంజి కూడా ఒకటేనా? సూది పంచుకుంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ రెండూ అంటుకోవచ్చు. వీసా మెడికల్‌లో హెచ్‌ఐవీ పాజిటివ్ వస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. చీటీ లేని సీసాలు, సిరంజిలు ఎయిర్‌పోర్టులో దొరికితే జవాబు చెప్పాల్సిందీ మనమే.

భుజం నొప్పి బయటపడితే పని నుంచి తీసేస్తారని దాస్తారని తెలుసు. అయినా క్లినిక్‌కి వెళ్లండి, ఫిజియోథెరపీ అడగండి. దెబ్బ పనిలో తగిలిందైతే ఆ ముక్క కాగితం మీద తేదీతో రాయించుకుని, ఫోటో తీసి ఇంటికి వాట్సాప్ చేసి పెట్టుకోండి.