వదిలి వెళ్లిన దోనె

యేసు ప్రభువు పరిచర్యలో దోనెకు ఎంత చోటుందో సువార్తలు చదివిన వారందరికీ తెలుసు. ఒడ్డున జనం మీద పడుతుంటే ఆయన పేతురు దోనె ఎక్కి, దాన్నే వేదికగా చేసుకుని బోధించాడు (లూకా 5:3). అలసిపోయిన సాయంత్రం దోనె అమరంలో తలగడ మీద తలవాల్చి నిద్రపోయాడు (మార్కు 4:38). ఇంతకీ ఆ కాలపు దోనె ఎంత ఉండేది? ఏ చెక్కతో చేసేవారు? అందులో ఎంతమంది పట్టేవారు? సండే స్కూలు బొమ్మల్లో ఒక్కో చిత్రకారుడు ఒక్కో రకంగా వేసిన ఆ దోనెకు అసలు రూపం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే గలిలయ సముద్రం వాయవ్య తీరాన ఉన్న గినోసార్ గ్రామానికి వెళ్లాలి. బైబిల్లోని గెన్నేసరెతు ప్రాంతం అదే. అక్కడి యిగాల్ అల్లోన్ మ్యూజియంలో రెండు వేల ఏళ్ల నాటి చేపల దోనె ఒకటి ఉంది.

పరిశుద్ధ దేశ యాత్రలో భాగంగా మేము ఆ మ్యూజియం చూశాం. దాని పక్కనే సరస్సు. పేరుకు సముద్రమే గాని గలిలయ మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు. సముద్ర మట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన, కొండల మధ్య ఉండడం వల్ల గాలి ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. ఒకటవ శతాబ్దంలో ఈ తీరమంతా చేపల వ్యాపారంతో కళకళలాడేది. గినోసార్ సమీపంలోని మగ్దలకు గ్రీకులో ‘తరికేయ’ అనే పేరుండేది. చేపలను ఉప్పులో ఊరబెట్టే చోటని దాని అర్థం. ఉప్పుచేప గురించి మన కోస్తా వారికి వేరే చెప్పాలా! యూదుల చరిత్ర రాసిన జోసీఫస్ ఒక సందర్భంలో ఆ ఊరి దగ్గర 230 పడవలను పోగు చేసినట్టు రాశాడు.

అన్ని పడవల్లో ఒకటైనా మిగలలేదా అని పరిశోధకులు చాలాకాలం ఎదురుచూశారు. 1986 జనవరిలో దానికి జవాబు దొరికింది. వర్షాలు లేక సరస్సు బాగా వెనక్కి తగ్గింది. గినోసార్‌లో చేపలు పట్టే మోషే, యువల్ లుఫాన్ అనే అన్నదమ్ములు బయటపడిన బురద నేలలో వెతుకుతుంటే తుప్పుపట్టిన ఇనుప మేకులు కనిపించాయి. వాటి కిందే దోనె అంచు ఉంది. పురావస్తు శాఖ తవ్వకం మొదలుపెట్టింది. ఇంతలో సరస్సు నీరు మళ్లీ పెరగసాగింది. గట్టు కట్టి నీటిని ఆపి, రాత్రింబవళ్లు పనిచేసి, దాదాపు పన్నెండు రోజుల్లో దోనెను వెలికి తీశారు.

అసలు కష్టం అప్పుడే మొదలైంది. అన్ని వందల ఏళ్లు నీటిలో నానిన చెక్క తడి స్పాంజిలా ఉంది. గాలికి ఆరితే పొడిపొడి అవుతుంది. పట్టుకు ఎత్తితే విరిగిపోతుంది. అందుకని దాని చుట్టూ పాలీయురెథేన్ నురగ పోసి, అది గట్టిపడ్డాక సరస్సులో తేల్చి మ్యూజియం దాకా తెచ్చారు. అలా ఆ దోనె మరోసారి గలిలయ నీటి మీద ప్రయాణం చేసింది! తర్వాత ఏళ్ల తరబడి దాన్ని మైనంలాంటి రసాయన ద్రావణంలో ఉంచి చెక్కకు బలం చేకూర్చారు. 2000వ సంవత్సరం నుంచి అది సందర్శకులకు కనిపిస్తోంది.

లోహపు చట్రం మీద నిలిపిన ఆ దోనె పొడవు 8 మీటర్లకు కాస్త ఎక్కువ, వెడల్పు 2.3 మీటర్లు. నలుగురు తెడ్లు వేస్తే ఒకరు చుక్కాని పట్టేవారు. అవసరమైతే పదిహేను మంది దాకా ఎక్కవచ్చు. ప్రభువూ పన్నెండు మంది శిష్యులూ ఒకే దోనెలో ఎలా ప్రయాణం చేశారన్న ప్రశ్నకు ఇదే సమాధానం. వెనుక భాగాన ఉండే బల్లకట్టు కింద ఒక మనిషి పడుకునే చోటుంటుందనీ, పడవ నిలకడ కోసం వేసుకునే ఇసుక సంచే ప్రభువుకు తలగడ అయి ఉండవచ్చనీ పరిశోధకుల అభిప్రాయం.

దోనె దగ్గర మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం దాని అతుకులు. పలకలు ఎక్కువగా దేవదారువి, లోపలి ఆకులు సింధూర కర్రవి. మిగతా చోట్ల ఏది దొరికితే అది పెట్టారు. విల్లో, దేశవాళీ పైన్, రేగు జాతి చెట్టు, జక్కయ్య ఎక్కిన జాతి మేడి... మొత్తం పన్నెండు రకాల కర్ర వాడినట్టు నిపుణులు తేల్చారు. కొన్ని ముక్కలు అంతకు ముందే వేరే పడవలో పనిచేసి వచ్చినవి. మంచి కలప కొనే స్తోమత లేని యజమాని, చేతిలో గొప్ప పనితనం ఉన్న వడ్రంగి కలిసి ఏళ్ల తరబడి దాన్ని బాగుచేస్తూ బతికించుకున్నారు. చివరికి ఇక లాభం లేదనుకున్నాక పనికొచ్చే భాగాలన్నీ ఊడదీసుకుని మిగిలిన దాన్ని సరస్సులోకి నెట్టేశారు.

‘ఇది యేసు ఎక్కిన దోనేనా?’ అని మా బృందంలో ఒకరు అడిగారు. అక్కడికొచ్చే యాత్రికులు దాన్ని ‘జీసస్ బోట్’ అనే అంటారు. కార్బన్ పరీక్షలు, దగ్గర్లో దొరికిన వంటకుండ, దీపం అది ఆ కాలానిదేనని చెబుతున్నాయి. ప్రభువు దాన్ని ఎక్కాడనడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. ఉండాల్సిన అవసరమూ మన విశ్వాసానికి లేదు. పాత చెక్కను తాకి మొక్కడానికి కాదు గదా మనం వెళ్లేది! పేతురు, అంద్రెయ, యాకోబు, యోహానులు ఎలాంటి దోనెలో చెమటోడ్చారో ఆ చెక్క చూపిస్తుంది. అంతవరకే దాని సాక్ష్యం. అది చాలు.

ఎందుకంటే వారు దోనెను విడిచిపెట్టి ఆయనను వెంబడించారన్న మాటను (మత్తయి 4:22) మనం చాలా తేలిగ్గా చదివేస్తాం. దోనె అంటే ఆ ఇంటి పొలం, పెట్టుబడి, పిల్లలకు మిగిలే ఆస్తి. ఒక్క పలక పాడైతే ఏ చెట్టు కర్రతోనైనా అతుకు వేసి నిలబెట్టుకున్నారే గాని వదులుకోలేదు. మ్యూజియంలోని దోనెను దాని యజమాని వదిలింది అది ఇక దేనికీ పనికిరాదని తేలాక. పేతురు తన దోనెను వదిలింది ఎప్పుడు? వలలు పిగిలిపోయేంతగా, రెండు దోనెలు మునిగిపోయేంతగా చేపలు పడిన రోజున (లూకా 5:6–11). జీవితంలో అంత లాభం వచ్చిన రోజు అతనికి మరొకటి ఉండి ఉండదు. ఆ రోజే సమస్తం ఒడ్డున వదిలి నడిచాడు.

జెబెదయి సంగతి కూడా ఆలోచించాలి. ఇద్దరు కొడుకులూ వెళ్లిపోతే ఆయన జీతగాళ్లతో దోనెలోనే మిగిలాడు (మార్కు 1:20). మన తీరంలో అలివి వల లాగేవారిని అడిగితే, ఇంటి చేతులు రెండు జతలు తగ్గితే ఏమవుతుందో చెబుతారు. ఆయన కొడుకులను ఆపినట్టు సువార్తలో ఎక్కడా లేదు. సేవకు వెళ్లినవారి పేర్లు చర్చిలో చదువుతాం. వారిని పంపి ఇంటి బరువు మోస్తున్న తల్లిదండ్రులను ఎంతమందిమి తలుచుకుంటున్నాం?

మనం దేవునికి ఇచ్చేది ఏ దోనె? రిటైరయ్యాక మిగిలే సమయమా, ఖర్చులన్నీ పోగా మిగిలే చిల్లరా, బలం ఉడిగిపోయిన చివరి ఏళ్లా? పనికొచ్చేదంతా ఊడదీసుకుని మిగిలినదాన్ని నెట్టేయడం ఎవరైనా చేయగలరు. నీటిమీద నిలబడి, నాలుగు డబ్బులు తెస్తున్న దోనెను ప్రభువు చేతికివ్వడమే శిష్యరికం. అలా ఇచ్చినవారి కోసం, రాత్రంతా శ్రమపడి ఒట్టి వలలతో వచ్చినవారి కోసం, ఆయన మళ్లీ అదే తీరాన నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, భోజనానికి పిలిచాడు (యోహాను 21:9–12). దోనె వదిలినవారిని ఆయన ఆకలితో వదిలేయలేదు.