గేటు దాటితేనే గోల్ఫ్

2021 ఆగస్టు 7, శనివారం. ఆ సాయంత్రం నీరజ్ చోప్రా ఈటె బంగారం తెస్తుందని పొద్దున్న ఎవరికీ తెలీదు. తెల్లారగట్ల నుంచి మాత్రం చాలా ఇళ్లలో టీవీల ముందు కూర్చున్నవాళ్లు ఎన్నడూ చూడని ఆట చూస్తున్నారు. టోక్యో దగ్గర్లోని కసుమిగసెకి గోల్ఫ్ కోర్సులో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఒలింపిక్ పతకం కోసం పోరాడుతోంది. ప్రపంచ ర్యాంకుల్లో ఎక్కడో రెండొందల దగ్గరున్న అమ్మాయి. ఒక్క దెబ్బ తేడాలో పతకం చేజారి నాలుగో స్థానంలో నిలిచింది. బర్డీ అంటే ఏమిటో, బోగీ అంటే ఏమిటో జనం ఫోన్లలో వెతుక్కున్నది ఆ రోజే.

అదితి ఈ ఆటలోకి వచ్చిన దారి చూడండి. ఐదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు అమ్మానాన్నలతో కలిసి టిఫిన్ చేయడానికి వెళ్లే హోటల్ పక్కనే కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ ప్రాక్టీసు మైదానం ఉండేది. అక్కడి కేరింతలు విని, ఏం జరుగుతోందో చూద్దామని పట్టుబట్టింది. లోపలికి వెళ్లారు, కర్ర చేతికిచ్చారు, ముగ్గురూ నేర్చుకున్నారు. అసలు మలుపు ఆ ‘లోపలికి వెళ్లారు’ దగ్గరే ఉంది. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఐదేళ్ల పిల్ల ఇలా పట్టుబడితే అమ్మానాన్నలు ఏ గేటు దగ్గరికి తీసుకెళ్లాలి?

ఆటల విషయంలో ఈ రెండు జిల్లాలు తక్కువ తిన్నవేమీ కావు. ఒకప్పటి శ్రీకాకుళం జిల్లాలోని వీరఘట్టం నుంచి మల్లయోధుడు కోడి రామమూర్తి వచ్చాడు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్ విజయనగరం రాజకుమారుడు విజ్జీ. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చింది. కుస్తీకి కాస్త మట్టి చాలు, బరువులకు ఒక పాక చాలు. గోల్ఫ్‌కి మాత్రం నేల కావాలి, అదీ బోలెడంత.

“ఏటండీ, అంత చిన్న గుంతలో బంతి ఎయ్యడానికి వందెకరాలా?” అని ఇటువైపు ఎవరైనా అడిగితే అందులో తప్పేం లేదు. గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలే. కానీ పూర్తి కోర్సులో అలాంటివి పద్దెనిమిది. ప్రతి దానికీ టీ అనే చోట నుంచి మొదటి దెబ్బ కొట్టాలి. నున్నగా కత్తిరించిన ఫెయిర్‌వే మీదుగా, ఇసుక గుంటలు, చెరువులు తప్పించుకుంటూ, జెండా పాతిన గ్రీన్ మీదికి బంతిని చేర్చాలి. దూరాన్ని బట్టి మూడు, నాలుగు, ఐదు దెబ్బల్లో ముగించాలని ఒక లెక్క ఉంటుంది, దాన్నే పార్ అంటారు. పద్దెనిమిదీ కలిపితే మామూలుగా 72. ఒకటి తక్కువలో ముగిస్తే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. ఆట మొత్తం అయ్యేసరికి ఏడెనిమిది కిలోమీటర్ల నడక, నాలుగు గంటల పైచిలుకు సమయం. అందుకే వంద నుంచి నూట యాభై ఎకరాలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే, కావాల్సొస్తుంది.

ఉత్తరాంధ్ర వాసులకు అందుబాటులో ఉన్న కోర్సు విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బుది. ముడసర్లోవ వైపు, కొండల నడుమ ఉంది. ఊరికి ఒకప్పుడు తాగునీరిచ్చిన పాత రిజర్వాయరు ఆ దగ్గర్లోదే. 2018లో దాని నీళ్ల మీద రెండు మెగావాట్ల తేలే సోలార్ పలకలు పరిచారు. విజయనగరం నుంచి ఇక్కడికి గంటన్నర ప్రయాణం, శ్రీకాకుళం నుంచి రెండున్నర గంటలు వేసుకోవచ్చు. ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా నడిపే వైజాగ్ ఓపెన్ జరిగేది ఇక్కడే. చదును నేల మీద ఆడి అలవాటైనవాళ్లకి విశాఖ నేల పరీక్ష పెడుతుంది. బంతి కాళ్ల కంటే ఎత్తులోనో పల్లంలోనో ఆగుతుంది, సముద్రపు గాలి మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. పొద్దున్నే ఏడో నంబరు కర్రతో చేరిన దూరానికి సాయంత్రం ఐదో నంబరు తీయాలి. ఆట పరంగా చూస్తే ఇది నిజంగా మంచి కోర్సు.

గేటు పరంగా చూస్తే? పేరులోనే ఉంది, ఇది క్లబ్బు. నడిపేది సభ్యులు, నడిచేది సభ్యుల కోసం. మన దేశంలో చాలా క్లబ్బుల్లో బయటివాళ్లకు దారి రెండు రకాలు: సభ్యుడి అతిథిగా వెళ్లడం, లేదా ఆ రోజు రుసుము కట్టి, ఖాళీ ఉన్న వేళల్లో ఆడడం. ఆట వచ్చునని నిరూపించే హ్యాండిక్యాప్ కాగితం అడిగేచోట్లూ ఉన్నాయి. ఆట రావాలంటే లోపలికి వెళ్లాలి, లోపలికి వెళ్లాలంటే ఆట వచ్చి ఉండాలి! ఈ చిక్కుముడిని విప్పేది ప్రాక్టీసు మైదానం. బకెట్టు బంతులకు ఇంత అని కట్టి, నిలబడిన చోటి నుంచే కొట్టుకునే డ్రైవింగ్ రేంజి అన్నమాట. కాబట్టి కొత్తవాళ్లు కోర్సును అంచనా వేసేటప్పుడు గడ్డి పచ్చదనం కంటే ముందు చూడాల్సింది రేంజిలోకి ఎవరినైనా రానిస్తారా, నేర్పేవాళ్లున్నారా, కర్రలు అద్దెకిస్తారా అన్నది.

ఈ ఆట పుట్టుకలో గేట్లు లేవు. స్కాట్లాండు సముద్రతీరంలో వ్యవసాయానికి పనికిరాని ఇసుక దిబ్బలు ఉండేవి. మన ఊళ్లలో పోరంబోకు భూమి ఎలాంటిదో అవీ అలాంటివే. గొర్రెలు మేసేవి, ఆడవాళ్లు బట్టలారేసేవారు, మగాళ్లు బంతి కొట్టేవారు. 1457లో అక్కడి రాజు రెండో జేమ్స్ పాలనలో గోల్ఫ్‌నీ ఫుట్‌బాల్‌నీ నిషేధిస్తూ చట్టం చేశారు. జనం విలువిద్య సాధన మానేసి ఆటల్లో పడ్డారన్నది కారణం. గొప్పింటివాళ్ల ఆటే అయితే రాజుకి అంత బెంగ ఎందుకుంటుంది! ప్రపంచంలో ప్రతి గోల్ఫర్ ఒక్కసారైనా ఆడాలనుకునే సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు ఇవాళ్టికీ ప్రజల భూమే, దాన్ని చూసుకునేది ఒక ట్రస్టు. హ్యాండిక్యాప్ ఉంటే లాటరీలో పేరు వేసుకుని ఎవరైనా ఆడొచ్చు. ఆదివారం ఆట బంద్. ఊరివాళ్లు కుక్కల్నీ పిల్లల్నీ తీసుకుని అదే గడ్డి మీద షికారు చేస్తారు. పక్కనే ‘హిమాలయాస్’ అనే ఎగుడుదిగుడు పచ్చిక ఉంది. కొద్దిపాటి డబ్బు కట్టి, ఒక్క కర్రతో, ఏ అర్హతా లేకుండా ఆడుకోవచ్చు. 1867లో మొదలైన మహిళల పుట్టింగ్ క్లబ్బుది ఆ స్థలం.

ఇండియాకు ఈ ఆట ఆ దిబ్బల మీది స్వేచ్ఛతో రాలేదు, దొరల సామానుతో పాటు వచ్చింది. కలకత్తాలో 1829లో పెట్టిన క్లబ్బు బ్రిటిష్ దీవుల అవతల అన్నిటికంటే పాతది. ఆ తర్వాత సైనిక స్థావరాలు, తేయాకు తోటలు, రైల్వే కాలనీలు, ఉక్కు నగరాలు. నీళ్లు చాలని చోట గ్రీన్ బదులు నూనె కలిపిన ఇసుకను చదును చేసి ‘బ్రౌన్’ అనేవారు. మన జనం ఆ గేట్లలోకి వెళ్లింది ఎక్కువగా కర్రల సంచి భుజాన వేసుకుని. ఢిల్లీ క్లబ్బులో క్యాడీగా పనిచేసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ టోర్నీ గెలిచిన తొలి భారతీయుడు అతనే. 2009లో అదే కప్పు ఎత్తిన బెంగళూరు సి.మునియప్ప కూడా క్యాడీగా మొదలైనవాడే. సంచి మోసినవాడికి ఏ గ్రీన్ ఎటు వాలుందో తెలిసినంతగా సభ్యుడికి తెలీదు. కొత్త కోర్సుకి వెళ్లినప్పుడు అనుభవమున్న క్యాడీ మాట వినడం కంటే మంచి ఉపాయం లేదు.

డబ్బు కట్టి ఎవరైనా ఆడే కోర్సు దేశంలో మొదటిసారి వచ్చింది ఢిల్లీలో, 2000లో. కుతుబ్ మినార్ దగ్గర లాడో సరాయ్‌లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కట్టించిన కుతుబ్ గోల్ఫ్ కోర్సు అది. ప్రభుత్వ సంస్థ పూనుకుంటే ఇది కుదురుతుందనడానికి అదే రుజువు.

మన హైదరాబాదు కథ ఇంత సాఫీగా లేదు. గోల్కొండ నయా ఖిల్లాలో ప్రభుత్వ పర్యాటక శాఖ తోడ్పాటుతో హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు వేసింది. కోట గోడల నడుమ బంతి కొట్టడం ఎక్కడా దొరకని అనుభవమే, గోల్కొండ మాస్టర్స్ పేరుతో పెద్ద పోటీలూ జరిగాయి. కానీ కోట రక్షిత కట్టడం. పురావస్తు శాఖ అభ్యంతరాలు, సాగు భూములు పోయిన రైతుల గోడు, కోర్టు కేసులు వెంటాడాయి. అక్కడే ‘హాతియాన్ కా ఝాడ్’ అనే నాలుగొందల ఏళ్ల నాటి మహావృక్షం ఉంది, దాని బోలు మానులోకి మనుషులు దూరొచ్చు. దాన్ని చూడాలనుకున్న మామూలు సందర్శకుడు ఇప్పుడు గోల్ఫ్ క్లబ్బు గేటు మీదుగా వెళ్లాల్సొస్తోంది. ఆట కోసం గేటు తెరిచారో, చెట్టు ముందు గేటు వేశారో చెప్పడం కష్టం. ఇక గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్ ఉంది. రాళ్ల గుట్టల నడుమ పీటర్ హరాడిన్ గీసిన అందమైన కోర్సు. అందుకు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ దాదాపు 235 ఎకరాలు దీర్ఘకాలిక లీజుకిచ్చింది. నేల ప్రజలది, సభ్యత్వం కొద్దిమందిది. సమీక్షలో దానికి అందం మార్కులు నిండుగా వేయొచ్చు, ప్రవేశం మార్కులు వేయలేం.

గేటు తెరిస్తే ఏమవుతుందో చూడాలంటే అమెరికా వెళ్లాలి. అక్కడ కోర్సుల్లో నాలుగింట మూడొంతులు ఎవరైనా వెళ్లి ఆడగలిగేవే. న్యూయార్క్ రాష్ట్ర పార్కులోని బెత్‌పేజ్ బ్లాక్ కోర్సులో ఆడడానికి జనం రాత్రంతా కార్లలో పడుకుని వరసలో నిలుచుంటారు. అదే నేల మీద 2002లో, 2009లో యూఎస్ ఓపెన్ జరిగింది. శాన్ డియేగో నగర పాలక సంస్థదైన టోరీ పైన్స్‌లో స్థానికులకు ఒక ధర, బయటివాళ్లకు ఒక ధర. ఇలాంటి వాతావరణంలోనే మన తెలుగు కుర్రాడు సాహిత్ తీగల తయారయ్యాడు. హైదరాబాదు నుంచి వెళ్లిన దంపతులకు 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. కంట్రీ క్లబ్బు సభ్యత్వాల నీడలో కాదు, లాస్ ఏంజెలెస్ శివార్ల పబ్లిక్ కోర్సుల్లో పెరిగాడు. వెన్నెముక వంకరతోనే ఆడాడు. 2023 సెప్టెంబరులో ఫార్టినెట్ చాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడు టూర్ చాంపియన్‌షిప్‌లో ఇసుక గుంటలో కర్ర వెనక్కి లాగుతుంటే రెండు ఇసుక రేణువులు కదిలాయని తనకు తానే చెప్పి, రెండు దెబ్బల జరిమానా వేయించుకున్నాడు. కెమెరాకు కూడా అది సరిగ్గా చిక్కలేదు. చివరికి రెండో స్థానానికి రెండు దెబ్బల దూరంలో మూడోవాడిగా ముగించాడు. ఆ రెండు స్థానాల మధ్య తేడా కోట్ల రూపాయలు.

మరి మన తీరంలో? భోగాపురం విమానాశ్రయం, దాని చుట్టూ హోటళ్లు, రిసార్టులు అనగానే గోల్ఫ్ కోర్సు మాట ఎవరో ఒకరు ఎత్తుతారు. శ్రీకాకుళం జిల్లా తీరం సుమారు 190 కిలోమీటర్లు, దిబ్బలకు కొదవలేదు. అయితే స్కాట్లాండు దిబ్బలు ఊరికే ఉన్నాయి, మనవి పనిలో ఉన్నాయి. సరుగుడు తోటలు, జీడిమామిడి, కొబ్బరి, వలలారేసుకునే మత్స్యకారులు. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖ చెట్లను, 2018లో తిత్లీ తుఫాను ఉద్దానం తోటలను ఎలా నేలకూల్చాయో చూసినవాళ్లు తీరంలో దిబ్బను చదును చేస్తామంటే ఒప్పుకోరు. నీళ్ల లెక్క ఇంకా గట్టిది. పద్దెనిమిది గుంతల కోర్సు వేసవిలో రోజుకు లక్షల లీటర్లు తాగుతుంది. విజయనగరం జిల్లాలోని తాటిపూడి నీళ్లు ఇప్పటికే విశాఖ కుళాయిల్లోకి వెళ్తున్నాయి. ఉద్దానానికి తాగునీళ్లే హిరమండలం నుంచి గొట్టాల్లో తెచ్చుకోవాల్సొచ్చింది. చండీగఢ్ గోల్ఫ్ క్లబ్బు గడ్డికి శుద్ధి చేసిన మురుగునీరు పెడతారు. ఆ ఏర్పాటు లేకుండా ఇటువైపు కొత్త కోర్సు తలపెట్టడం అన్యాయం.

వందెకరాలు లేకపోతే ఆట లేనట్టు కాదు. రేంజికి పది పన్నెండు ఎకరాలు చాలు. చిన్న చిన్న దూరాల తొమ్మిది గుంతల కోర్సు పాతిక ముప్ఫై ఎకరాల్లో ఇమిడిపోతుంది. పుట్టింగ్ పచ్చిక అయితే మునిసిపల్ పార్కులో ఒక మూల పడుతుంది. రిసార్టు వాళ్ల పద్దెనిమిది గుంతల కంటే, విజయనగరంలో కాలేజీ పిల్లలు సైకిలేసుకుని వెళ్లగలిగే ఒక రేంజి ఈ ప్రాంతానికి ఎక్కువ ఉపయోగం.

ఈలోపు సరదా పడేవాళ్లు విశాఖ వెళ్లాల్సిందే. ముందు క్లబ్బుకి ఫోన్ చేసి బయటివాళ్లకు ఏ రోజుల్లో, ఏ వేళల్లో అనుమతి ఉందో కనుక్కోవాలి. శని, ఆదివారాలు సభ్యుల రద్దీ ఉంటుంది కాబట్టి వారం మధ్యలో పొద్దున్నే అయితే మేలు. కాలరున్న చొక్కా తప్పనిసరి, జీన్సు ప్యాంటు చాలాచోట్ల ఒప్పుకోరు. రుసుము అడిగేటప్పుడు క్యాడీకి ఎంత, కర్రల అద్దె ఎంత అని విడివిడిగా అడగాలి, లేకపోతే లెక్క వచ్చాక కళ్లు తిరుగుతాయి. మొదటిసారే పద్దెనిమిది గుంతలకు దిగొద్దు. రేంజిలో రెండు బకెట్ల బంతులు కొట్టి, మరుసటి రోజు నడుము పట్టేయకపోతే అప్పుడు పాఠాల సంగతి అడగొచ్చు.